కంకరబాట

ఉద్దేశం

ప్రయాణమంటే గమ్యాన్ని చేరడం మాత్రమే కాదు, దారిని చదవడం కూడా. విహారానికి వచ్చిన వానికి అందంగా తోచే బాట, ఆ బాట వెంట బ్రతికే వానికి ఎట్లా తోస్తుందో విద్యార్థులు ఆలోచించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

తెలుగులో యాత్రారచనకు దాదాపు రెండువందల ఏండ్ల చరిత్ర ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుండి బయలుదేరి, కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఆ యాత్రావిశేషాలు 'కాశీయాత్ర చరిత్ర' అనే పేరుతో 1838లో అచ్చయ్యాయి. క్షేత్రాల మహిమతోపాటు మజిలీకీ మజిలీకీ మధ్య దారి ఎట్లా ఉన్నదో, ఏ ఊరిలో ఏ వసతి దొరుకుతుందో నమోదు చేయడం ఆ గ్రంథం విశిష్టత. దారిని గమనించే ఆ దృష్టితోనే, నేటి సైకిలు యాత్రను ఆధారం చేసుకొని, తూర్పు కనుమలలోని పెదబయలు ప్రాంతపు బాటలను పరిశీలించే వ్యాసమిది.

పాఠ్యభాగం

ఒక ప్రాంతాన్ని తెలుసుకోవడానికి కాలినడకను మించిన సాధనం లేదంటారు. కాని కాలినడకకు కాలం ఎక్కువ పడుతుంది. మోటారు వాహనంలో కాలం కలిసివస్తుంది, అయితే కన్ను దేనిమీదా నిలువదు. ఈ రెంటికీ నడుమ నిలిచిన వాహనం సైకిలు. అది నడకకన్న వేగంగా సాగుతుంది, అయినా దారిపక్క పొలంలో కలుపు తీసే మనిషి ముఖం కనబడనంత వేగంగా సాగదు. తొక్కేవాని శక్తియే దానికి ఇంధనం. ఎత్తు ఎంతటిదో కాళ్ళకు తెలుస్తుంది, నేల ఎటువంటిదో అరచేతులకు తెలుస్తుంది.

సైకిలు ఒక్కనాడు పుట్టినది కాదు. 1817లో జర్మనీ దేశస్థుడైన కార్ల్ ద్రాయిస్ రెండు చక్రాల కొయ్యబండిని తయారుచేశాడు. దానికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుతూ ముందుకు సాగవలసిందే. 1860 తరువాత ఫ్రాన్సులో పెడళ్ళు వచ్చాయి. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన చక్రాలతో, వెనుక చక్రాన్ని గొలుసుతో నడిపే 'రోవర్' సైకిలును రూపొందించాడు. నేటి సైకిలుకు మాతృక అదే. 1888లో డన్‌లప్ గాలి నింపిన రబ్బరు టైరును వెలుగులోకి తెచ్చాడు. విశేషమేమంటే, ఈ వాహనం పుట్టి పెరిగిన కాలంలో తారురోడ్లు చాలా అరుదు. తొలినాటి సైకిళ్ళు నడిచినది మట్టిమీద, కంకరమీదనే.

ఆ పాత అలవాటు ఇటీవలి కాలంలో కొత్త రూపంలో తిరిగివచ్చింది. తారు లేని బాటలకోసమే తయారయ్యే సైకిలును 'గ్రావెల్ బైకు' అంటున్నారు. చూపుకు ఇది పందెపు సైకిలును పోలి ఉంటుంది. భేదమంతా చక్రంలో ఉంది. పందెపు సైకిలు టైరు వెడల్పు సాధారణంగా 25 నుండి 30 మిల్లీమీటర్లు కాగా, దీని టైరు 35 నుండి 50 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అందులో గాలి ఒత్తిడిని తక్కువగా ఉంచుతారు. అందువల్ల టైరు రాతిమీద కొద్దిగా అణగి నేలను పట్టుకొంటుంది, కుదుపును తానే మింగుతుంది. నిట్టనిలువు ఎత్తులు ఎక్కడానికి తేలికపాటి గేర్లు, బురదలోనూ పట్టు తప్పని డిస్కు బ్రేకులు దీనికి ఉంటాయి. 2006లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, చెకుముకిరాళ్ళ బాటలపై సుమారు 320 కిలోమీటర్ల పందెం మొదలైంది. 2022లో ఇటలీలోని వెనెతో ప్రాంతంలో కంకరబాట సైకిలుపందేనికి తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది.

ద్రాక్షతోటల నడుమ తెల్లబాటలు

కంకరబాట యాత్రకు ప్రసిద్ధి కెక్కిన చోటు ఇటలీలోని టస్కనీ ప్రాంతం. అక్కడి కియాంటి కొండలలో ద్రాక్షతోటలు, ఆలివ్ తోటలు వరుసలు తీరి ఉంటాయి. వాటి నడుమ సున్నపురాతి పొడితో తెల్లగా మెరిసే బాటలు సాగుతాయి. వాటిని అక్కడివారు 'తెల్లబాటలు' అనే అర్థం వచ్చే 'స్త్రాదె బియాంకె' అనే మాటతో పిలుస్తారు. ఒకప్పుడు ద్రాక్షపండ్ల బండ్లు నడిచిన ఆ బాటలు క్రమంగా తారు కింద కనుమరుగు కాసాగాయి. అప్పుడు జాన్‌కార్లో బ్రోచీ అనే ఆయన వాటిని కాపాడుకోవాలని తలచి, 1997లో గయోలె అనే చిన్న ఊరి నుండి 'లెరోయికా' అనే సైకిలు యాత్రను ప్రారంభించాడు. పాతకాలపు సైకిళ్ళతో, పాతకాలపు దుస్తులతో మొదటి ఏడు పాల్గొన్నవారు 92 మంది. తరువాత అది వేలమంది పాల్గొనే ఉత్సవమైంది. 2007 నుండి వృత్తిక్రీడాకారుల పందెం కూడ అవే తెల్లబాటలపై సాగి సియెనా నగరంలో ముగుస్తున్నది.

ఇందులో గ్రహించవలసిన అంశం ఒకటుంది. అక్కడి ప్రజలకు ఆసుపత్రికి, బడికి, అంగడికి చేరడానికి వేరే మంచి రోడ్లు ఉన్నాయి. కంకరబాటను వారు కోరి నిలుపుకొన్నారు. అది వారికి జ్ఞాపకం, గౌరవం, ఆదాయం. కంకరబాట తప్ప మరొకటి లేని చోట దాని అర్థం మారిపోతుంది. ఆ భేదం తెలియాలంటే మన తూర్పు కనుమలకు రావాలి. అక్కడ ద్రాక్షకు ఉన్న స్థానం ఇక్కడ కాఫీకి ఉంది.

బయలు – గెడ్డ

విశాఖపట్నం మైదానం నుండి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్‌రోడ్డు ఎక్కితే పాడేరు వస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరు ముఖ్యపట్టణం. దానికి ఉత్తరంగా కొండల నడుమ ఉన్న మండలం పెదబయలు. 'బయలు' అంటే విశాలమైన మైదానం. చుట్టూ కొండలున్నా మధ్య కాస్త చదునుగా విచ్చుకొన్న నేలకు ఆ పేరు తగినదే. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, కోందు మొదలైన గిరిజన తెగలవారు ఈ పరిసరాలలో నివసిస్తారు. ఈ కనుమలలో విరివిగా కనిపించే ఒక శిలకు భూగర్భశాస్త్రజ్ఞులు 'ఖోండలైటు' అని పేరుపెట్టారు. అది కోందు తెగ పేరు నుండి వచ్చినదే. సైకిలు చక్రం కింద పలికే రాయి కూడ ఇక్కడి మనుషుల పేరునే మోస్తున్నదన్నమాట.

ఈ నేలపై ఋతువు మారితే బాట రంగు మారుతుంది. జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానలకు ఎఱ్ఱమన్ను కరిగి బురద అవుతుంది. గెడ్డలు పొంగి దారులు తెగుతాయి. సైకిలు యాత్రకు అది కాలం కాదు. వానలు వెనుకబట్టగానే వలిసెపూలు పూసి కొండవాలులకు పసుపు పూసినట్లవుతుంది. చలికాలపు వేకువలో మంచు లోయలను కప్పివేయగా కొండశిఖరాలు మాత్రమే దీవులవలె తేలుతాయి. పల్లాలలో వరి, మెట్టలలో చోడి, సామ, రాజ్మా, పసుపు పండుతాయి.

బాట వెంట చాలాచోట్ల తోడు వచ్చేది మత్స్యగెడ్డ. ఉత్తరాంధ్ర మాటలో గెడ్డ అంటే ఏరు. మాడుగుల కొండలలో పుట్టి, పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతాలగుండా ఇది ఉత్తరంగా పారుతుంది. ఒడిశా సరిహద్దున దీనికి మాచ్‌ఖండ్ అని పేరు. జలాపుట్ వద్ద జలాశయంగా నిలిచి, డుడుమ వద్ద జలపాతమై దూకి, దిగువన సీలేరు అనే పేరుతో ప్రవహించి, శబరిలో కలిసి, చివరకు గోదావరిని చేరుతుంది.

ఈ యేటి పేరుకు చరిత్రలోనూ చోటుంది. మధ్యయుగంలో ఒడ్డాదిని ఏలిన రాజులు మత్స్యవంశీయులుగా ప్రసిద్ధులు. 13వ శతాబ్దినాటి దిబ్బిడ తామ్రశాసనం వారి మూలపురుషుని పుట్టుకను ఒక మత్స్యంతో ముడిపెట్టి చెబుతుంది. హుకుంపేట మండలంలోని మత్స్యగుండంలో చేపలను నేటికీ ఎవరూ పట్టరు. అక్కడి ప్రజలకు అవి దైవరూపాలు. ఏ చట్టమూ లేని కాలంలోనే నీటిలోని ప్రాణికి రక్షణ కల్పించిన ఆచారమది.

ఇదే నీరు మరొక కథ కూడ చెబుతుంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ వెలుగు దూరపు పట్టణాలను చేరింది. జలాశయం కింద మాత్రం అనేక గిరిజన కుటుంబాల భూములు మునిగాయి. నిలిచిన నీరు ఊరికీ ఊరికీ నడుమ అడ్డుగా పరచుకొన్నది. ఆ నీటిని నేటికీ నాటుపడవలపై దాటే పల్లెలున్నాయి. ఒడ్డున సైకిలు ఆపి, ప్రశాంతమైన నీటి అందాన్ని చూసే యాత్రికుడు ఆ పడవను కూడ చూడాలి.

కాఫీతోటల నీడలో

తూర్పు కనుమలలో కాఫీ సాగు 1898లో పాములేరు లోయలో మొదలైంది. బ్రోడీ అనే ఆంగ్లేయుడు దానికి ఆద్యుడు. 1920 తరువాత అది అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలకు వ్యాపించింది. 1960 నుండి అటవీశాఖ పెద్దయెత్తున తోటలు వేసింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ తరువాతి కాలంలో కాఫీని గిరిజన రైతుల సొంత పంటగా మార్చడానికి కృషిచేశాయి. కొండను నరికి కాల్చి, రెండు మూడేండ్లకు మరొక కొండకు మారే పోడువ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా ఇది నిలిచింది.

కాఫీ నీడను కోరే మొక్క. అందుచేత ముందుగా సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. వాటి కాండానికి మిరియపు తీగ పాకుతుంది. తీగ కింద కాఫీ, కాఫీ కింద రాలిన ఆకుల మెత్తని పరుపు. ఒకే నేల మూడు అంతస్తులుగా పండుతుంది. వేసవి ఆరంభంలో ఒక జల్లు కురిస్తే చాలు, కొమ్మలన్నీ తెల్లని పూలతో నిండి మల్లెలను తలపించే పరిమళం బాట వరకు వస్తుంది. నవంబరు నుండి జనవరి వరకు పండ్లు ఎఱ్ఱబడతాయి. పండినవి మాత్రమే ఏరి, పైతొక్క తీసి, గింజలను ఎండబెడతారు. పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. కనుక ఒకే కొమ్మ వద్దకు అనేకసార్లు రావాలి. 2017లో పారిస్ నగరంలో అరకు కాఫీకి దుకాణం వెలిసింది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది.

కప్పులోని కాఫీకి ఇంత కీర్తి వచ్చినా, గింజల మూట తోట నుండి సంతకు చేరేది ఈ కంకరబాటమీదనే. బాట బాగుంటే రైతు తన సరుకును మంచి ధర పలికే చోటికి మోసుకొని పోగలడు. బాట లేకుంటే గుమ్మం ముందుకు వచ్చిన దళారి చెప్పినదే ధర.

బాట – బ్రతుకు

మన్యపు బాటలకు పాత గాయం ఒకటి ఉంది. బ్రిటిషు పాలనలో నర్సీపట్నం నుండి చింతపల్లి దిక్కుగా రోడ్డు వేయించిన కాలంలో, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత చాలీచాలని కూలికి వెట్టిచాకిరి చేయించాడు. అడవిపై హక్కులు కోల్పోయిన బాధకు ఆ వెట్టి తోడై, అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టులో మన్యం పోరాటంగా చెలరేగింది. అంటే ఇక్కడ బాట మొదట ప్రజలకోసం వచ్చినది కాదు, ప్రజల వెన్నుమీదుగా వచ్చినది.

నేడు ఆ ప్రజలే బాటకోసం అడుగుతున్నారు. ఎందుకో తెలియాలంటే డోలీని గురించి తెలుసుకోవాలి. ఒక దుంగకర్రకు దుప్పటినో చీరనో ఊయలగా కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకొని నడుస్తారు. దానినే డోలీ అంటారు. వాహనం రాగల చోటు వరకు కిలోమీటర్ల కొద్దీ ఆ నడక సాగుతుంది. నిండుచూలాలు, పాము కరిచినవాడు, జ్వరంతో స్పృహ తప్పిన పసిపాప, ఎవరికైనా అదే వాహనం. 2018లో మన్యానికి ద్విచక్ర అంబులెన్సులు వచ్చాయి. నాలుగు చక్రాలు పోలేని చోటికి రెండు చక్రాలైనా పోతాయనే ఆలోచన అది. కాని గులకరాళ్ళు దొర్లే వాలులో, గెడ్డకు వంతెన లేని చోట, ఆ రెండు చక్రాలూ ఆగిపోవలసినదే. 2000 సంవత్సరంలో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, 2025 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వం చేపట్టిన 'అడవితల్లి బాట' ఈ లోటును తీర్చడానికి ఉద్దేశించినవే.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. ఊరూరికీ తారురోడ్డు వస్తే కంకరబాట అందం ఏమవుతుంది? యాత్రికుడు దేనికోసం వస్తాడు? ప్రశ్న సహజమే. కాని దానికి జవాబు చెప్పవలసినవాడు యాత్రికుడు కాడు. రెండు రోజుల విహారంలో కుదుపు ఒక వినోదం. పురిటినొప్పులతో ఉన్న తల్లికి అదే కుదుపు ప్రాణాంతకం. టస్కనీవారు తమ కంకరను నిలుపుకోగలిగారంటే, దానిని వదులుకొనే అవకాశం కూడ వారి చేతిలో ఉండడమే కారణం. పెదబయలు పల్లెవాసికి మొదట ఆ అవకాశం దక్కాలి. ఊరికి రోడ్డు వచ్చిన తరువాత కూడ తోటలలోని కాలిబాటలు, గెడ్డగట్లు, పశువుల దారులు ఎట్లాగూ మిగులుతాయి. సైకిలుకు అవి చాలు.

సైకిలును విహారసాధనంగా మాత్రమే భావించడం కూడ పొరపాటు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి సహాయం మొదలుపెట్టింది. దాని ఫలితంగా ఉన్నతపాఠశాలలో చేరే బాలికల సంఖ్య పెరిగింది. బడి దూరంగా ఉన్న ఊళ్ళలో ఆ మేలు మరింత స్పష్టంగా కనిపించింది. కొండ ఊరి విద్యార్థికి కూడ ఆ మేలు అందాలంటే సైకిలు ఒక్కటే చాలదు, అది నడిచే దారి కావాలి.

అతిథి ధర్మం

ఇటువంటి నేలపై సైకిలు తొక్కేవానికి కొన్ని జాగ్రత్తలు, కొన్ని మర్యాదలు అవసరం. దిగుడులో ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టరాదు. రెండు బ్రేకులనూ కొద్దికొద్దిగా నొక్కుతూ, బరువును వెనుకకు ఉంచాలి. మలుపులో వదులు కంకర జారుతుంది గనుక మలుపుకు ముందే వేగం తగ్గించాలి. బాట అంచున ధాన్యమో గింజలో ఆరబోసి ఉంటే దిగి నడవాలి. అనుమతి లేక తోటలోకి పోరాదు. 2025లో అరకు ప్రాంతపు కాఫీతోటలలో కాయతొలుచు పురుగు కనబడింది. గింజ లోపల దాగి అది ఒకచోటి నుండి మరొకచోటికి చేరుతుంది. సరదాకు సంచిలో వేసుకొన్న నాలుగు కాయలు మరొక రైతు తోటకు చేటు తెస్తాయి.

మనుషులను, ముఖ్యంగా స్త్రీలను, అడగకుండా ఫోటో తీయరాదు. థింసా నృత్యం వారి పండుగలోని ఆనందం. చూసేవాని సరదాకోసం పుట్టిన ప్రదర్శన కాదు. 1970 నాటి భూబదలాయింపు నిబంధన, అంటే ప్రజల వాడుకలోని '1/70 చట్టం', షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి దక్కకుండా కాపాడుతున్నది. కనుక యాత్రికుల వసతి గిరిజనుల చేతులమీదుగా, వారి ఇండ్లలో, వారి ఆదాయంగా పెరగడమే న్యాయం. చోడి అంబలి త్రాగి, తగిన ధర చెల్లించి, ప్లాస్టికు చెత్తను తనతోనే కొండ దింపుకొని పోయే యాత్రికుడు ఆ ఊరికి భారం కాడు.

కంకరబాట రెండు వైపుల నుండి రెండు విధాలుగా కనిపిస్తుంది. బయటినుండి వచ్చేవానికి అది సాహసం, లోపలినుండి వెళ్ళేవానికి అవసరం. ఈ రెంటినీ ఒకేసారి చూడగల వేగం సైకిలుకు ఉంది. ఎదురుగా డోలీ వస్తే చక్రం పక్కకు తిప్పి దారి ఇవ్వడం మర్యాద. ఆ దారిలో డోలీ రానవసరం లేని రోజును కోరుకోవడం మానవత్వం.

కఠినపదాలకు అర్థాలు

మజిలీ = ప్రయాణంలో దిగే చోటు
మాతృక = మూలరూపం
గెడ్డ = ఏరు, వాగు
మెట్ట = నీటివసతి లేని ఎత్తైన భూమి
చోడి = రాగి
వలిసె = ఒక నూనెగింజల పంట
తామ్రశాసనం = రాగిరేకుపై చెక్కిన శాసనం
పోడు = అడవిని నరికి, కాల్చి చేసే సాగు
వెట్టి = కూలి ఇవ్వక, లేదా నామమాత్రంగా ఇచ్చి బలవంతంగా చేయించే పని
నిండుచూలాలు = నెలలు నిండిన గర్భిణి
చేటు = కీడు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. టస్కనీలోని కంకరబాటకు, పెదబయలు ప్రాంతపు కంకరబాటకు గల భేదాన్ని వివరించండి.
2. 'బాట బాగుంటేనే బ్రతుకు బాగుంటుంది' – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. మత్స్యగెడ్డ ప్రవాహమార్గాన్ని తెలపండి.
2. కాఫీతోట ఒకే నేలలో మూడు అంతస్తులుగా పండుతుందనడంలో అంతరార్థమేమి?
3. మన్యం పోరాటానికి, రోడ్డు నిర్మాణానికి గల సంబంధమేమి?
4. యాత్రికుడు పాటించవలసిన మర్యాదలేవి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'కాశీయాత్ర చరిత్ర' ఏ సంవత్సరంలో అచ్చయింది?
2. 'ఖోండలైటు' అనే పేరు దేని నుండి వచ్చింది?
3. అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు ఎప్పుడు లభించింది?
4. డోలీ అంటే ఏమిటి?

ఈ) సంధులు
ప్రత్యామ్నాయం = ప్రతి + ఆమ్నాయం – యణాదేశ సంధి
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాంతకం = ప్రాణ + అంతకం – సవర్ణదీర్ఘ సంధి
ఊరూరు = ఊరు + ఊరు – ఉకార సంధి

ఉ) సమాసాలు
కాఫీతోట – కాఫీ యొక్క తోట – షష్ఠీ తత్పురుష సమాసం
ఎఱ్ఱమన్ను – ఎఱ్ఱనైన మన్ను – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
మత్స్యగెడ్డ – మత్స్యం అనే పేరుగల గెడ్డ – సంభావనా పూర్వపద కర్మధారయ సమాసం
మూడేండ్లు – మూడైన ఏండ్లు – ద్విగు సమాసం

ఊ) ఆలోచించి రాయండి.
మీ ఊరి నుండి దగ్గరి ఆసుపత్రికి పోయే దారి ఎట్లా ఉన్నదో గమనించండి. ఆ దారిని మీ ఊరికి మొదటిసారి వచ్చిన యాత్రికుడు ఎట్లా వర్ణిస్తాడో, రోజూ ఆ దారిన నడిచేవారు ఎట్లా వర్ణిస్తారో రెండు పేరాలలో రాయండి.